బోర్డు కింద వడ్లు

చెయ్యాల్సిన పనుల్ని చీటీల మీద రాసి, గోడకు అంటించి, ఏ పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడం సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. దానివల్ల ఎవరికీ హాని జరిగినట్టు నేను వినలేదు. మా కేంద్రానికి అది ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చుంది.

మాది ధాన్యం కొనుగోళ్ళకు సాఫ్ట్‌వేర్ రాసే ప్రభుత్వ కేంద్రం. హైదరాబాదులో ఒక పాత భవనం, మూడో అంతస్తు. రైతు వడ్లు ఆరబోసుకుని, మా సాఫ్ట్‌వేర్ ఇచ్చే టోకెన్ చూపిస్తే ఊరి కొనుగోలు కేంద్రంలో కాంటా పెడతారు. టోకెన్ లేకపోతే కాంటా లేదు. ఎక్కడైనా టోకెన్ రాకపోతే ఫోన్ మాకు వస్తుంది. మేము కొద్దిమంది ప్రోగ్రామర్లం ఒకే గదిలో కూర్చునేవాళ్ళం. ఫోన్ ఎత్తినవాళ్ళు "ఇది నేను చూస్తున్నా" అని అరిచేవాళ్ళు. మిగతావాళ్ళు దాని జోలికి పోయేవాళ్ళు కాదు. అదొక పద్ధతి అని మాకు తెలియదు కాబట్టి దానికి పేరు పెట్టుకోలేదు.

మా డైరెక్టరు దక్షిణామూర్తిగారు ఆ మధ్య బెంగుళూరులో ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చారు. వచ్చీ రాగానే అందర్నీ పిలిచారు.

"పని జరుగుతోంది. నేను కాదనడం లేదు. కానీ జరుగుతున్నట్టు దృశ్యరూపంలో ఆధారమేది?" అన్నారు.

మా దగ్గర నిజంగానే లేదు. అందుకని ఆ సాయంత్రం నేనే మార్కరు తీసుకుని తెల్లబోర్డు మీద మూడు గీతలు గీశాను. నాలుగు గళ్ళు వచ్చాయి. చెయ్యాలి, చేస్తున్నాం, పరీక్షిస్తున్నాం, అయిపోయింది. ఒక్కో పనికి ఒక్కో పసుపు చీటీ. పని ముందుకు కదిలితే చీటీని పక్క గడిలోకి జరపాలి. చెప్పడానికి నామోషీగా ఉంది గానీ, ఆ బోర్డు బాగా పనిచేసింది. ఎవరు ఏం చేస్తున్నారో ఒక్క చూపులో తెలిసేది. గదిలో అరుపులు తగ్గాయి.

వారం తిరిగేసరికి డైరెక్టరుగారు దాని ముందు నిలబడి పెదవి విరిచారు.

"మరీ సాదాగా ఉంది హైమవతిగారూ."

"సాదాగా ఉంటేనే కదా సార్ అందరికీ అర్థమయ్యేది."

"అర్థమైతే సరిపోదు. వినియోగ సౌలభ్యం ఉండాలి."

ఆ రెండూ వేరని నాకు అప్పుడే తెలిసింది. మర్నాటికి బోర్డు వినియోగ సౌలభ్య కమిటీ ఏర్పడింది. ఆయన అధ్యక్షులు. బెంగుళూరు నుంచి రప్పించిన సాత్విక్ అనే కుర్ర కన్సల్టెంటు సలహాదారు. నా దస్తూరి బాగుంటుందని నన్ను సభ్య కార్యదర్శిని చేశారు.

సాత్విక్ మంచివాడు. ఏది చేసినా శ్రద్ధగా చేసేవాడు, చిక్కంతా అక్కడే వచ్చింది. మేము బోర్డు చూస్తుంటే అతను మమ్మల్ని చూసేవాడు. మా కళ్ళు ఎటు పోతున్నాయో ట్యాబ్‌లో గుర్తు పెట్టుకునేవాడు. మధ్యాహ్నం తర్వాత అందరి కళ్ళూ గోడ గడియారం మీదికే పోతున్నాయని కనిపెట్టి, గడియారాన్ని బోర్డులోనే బిగించమని సిఫార్సు చేశాడు. బిగించారు. ఆ తర్వాత మేము బోర్డు వైపు చూసే సమయం గణనీయంగా పెరిగిందని నివేదికలో రాశాడు. అది నిజమే.

తర్వాత అతని దృష్టి గీతల మీద పడింది.

"మేడమ్, మీ పక్క సీటు ఫిరోజ్‌గారు ఇప్పుడొక చీటీ తీసి పక్క గడిలో పెట్టారు కదా. తీసిన తర్వాత, పెట్టేలోపు, ఆ పని ఎక్కడున్నట్టు?"

"ఆయన చేతిలో."

"బోర్డు మీద మాత్రం ఎక్కడా లేదు." సాత్విక్ గొంతు తగ్గించి చెప్పాడు, ఇంట్లో పిల్లవాడు కనిపించడం లేదని చెప్పినట్టు.

కమిటీ అత్యవసరంగా కూర్చుని 'చేతిలో ఉన్నవి' అని ఒక గడి పెట్టింది. అయితే దాన్లోకి చీటీ వెళ్ళాలన్నా మళ్ళీ చేత్తోనే తీసి పెట్టాలి కదా. దానికి ఇంకో గడి. ఇలా గళ్ళు పెరిగి తెల్లబోర్డు చాలక, ఫ్లెక్సీ మీద అచ్చు వేయించడం మొదలుపెట్టాం. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ వీధుల్లో కట్టే ఫ్లెక్సీయే, కాకపోతే ఎవరి బొమ్మా ఉండదు. గడి మారినప్పుడల్లా కొత్త ఫ్లెక్సీ. పాతది ప్రభుత్వ ఆస్తి కాబట్టి పారెయ్యడానికి లేదు. చాపలా చుట్టి మెట్ల దగ్గర నిలబెట్టేవాళ్ళం. వేసవి వచ్చేసరికి మెట్లు ఎక్కేవాళ్ళు పక్కకు తిరిగి ఎక్కాల్సి వచ్చింది.

ఇక నియమం సంగతి. 'చేస్తున్నాం' గడిలో మూడు చీటీలకు మించి ఉండకూడదన్నారు. పది పనులు నెత్తిన వేసుకుంటే ఏదీ తెమలదు కాబట్టి అది తెలివైన నియమమే. నేను సంతోషంగా సంతకం పెట్టాను. తర్వాత డైరెక్టరుగారు చిన్న సవరణ తెచ్చారు.

"బోర్డుకు సంబంధించిన పని కూడా పనే. బోర్డు సరిగ్గా లేకుండా ఏ పనీ సరిగ్గా జరగదు. కనుక బోర్డు పనులకు ప్రథమ ప్రాధాన్యం ఇవ్వడమైనది."

ఆ రోజు నుంచి ఆ మూడు స్థానాల్లో బోర్డు చీటీలే ఉంటూ వచ్చాయి. అక్షరాల సైజు మార్చుట. బోర్డుకు దీపాలు అమర్చుట. గడియారం కుడివైపా ఎడమవైపా నిర్ణయించుట. ఒకటి అయిపోతే దాని మీద అభిప్రాయ సేకరణ అని ఇంకో చీటీ పుట్టేది. ధాన్యం చీటీలన్నీ 'చెయ్యాలి' గడిలో ఒకదాని మీద ఒకటి పడి ఎండుతున్నాయి.

సరిగ్గా యాసంగి కోతల మధ్యలో గాదె ముత్తిలింగం వచ్చాడు.

అరవై దాటిన మనిషి. భుజాన తువ్వాలు, చేతిలో టిఫిన్ డబ్బా సంచి. మా గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"ఎర్రగుంటపల్లి నుంచి వచ్చిన బిడ్డా. మా ఊర్ల ఎవ్వలకు టోకెన్ వస్తలేదు. ఫోన్ జేసి జేసి యాష్టకొచ్చింది. వడ్లు కల్లంల వోసి శానా దినాలాయె. ఎండినయి, మల్ల చినుకులకు మెత్తవడ్డయి, మల్ల ఎండినయి."

కూర్చోమని టీ తెప్పించి చూశాను. వాళ్ళ ఊరిని పాత మండలంలోంచి తీసి కొత్త మండలంలో కలిపారు. మా సాఫ్ట్‌వేర్లో పాత మండలంలోంచి తీసేశారు గానీ కొత్తదాంట్లో కలపడం మర్చిపోయారు. అంటే మా లెక్కలో ఎర్రగుంటపల్లి అనే ఊరు ఎక్కడా లేదు. లేని ఊరికి టోకెన్ ఎలా వస్తుంది? ఒక్క వరస రాస్తే సరిపోతుంది. ఆయన టీ ఊదుకుంటూ ఉండగానే రాసి, విడుదల చేసేశాను.

"అయిపోయింది పెద్దాయనా. ఇంక టోకెన్ వస్తుంది," అన్నాను. నేను చేసిన తప్పల్లా ఆ మాట డైరెక్టరుగారు గుమ్మంలో ఉండగా అనడం.

"ఏది అయిపోయింది?" అన్నారాయన.

చెప్పాను. ఆయన బోర్డు వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశారు.

"చీటీ ఏది?"

"చీటీ రాసేంత పని కాదు సార్. ఒక్క వరసే."

"చీటీ కదలకుండా పని కదిలితే, ఆ పని జరిగినట్టు ఎవరికి తెలుస్తుంది?"

"ఈయనకు తెలుస్తుంది సార్," అని ముత్తిలింగాన్ని చూపించాను.

"ఆయన వినియోగదారు. నేను వ్యవస్థ గురించి అడుగుతున్నాను." ఆయన కోపంగా అనలేదు. నిజంగానే బాధపడ్డారు. "ఈ రోజు మీరొక ఊరిని కలిపారు. రేపు ఇంకొకరు ఒక జిల్లాను కలుపుతారు. ముందు దాన్ని వెనక్కి తీసుకోండి."

తీసుకున్నాను. ఎర్రగుంటపల్లి టీ చల్లారేంతసేపు ఉండి మళ్ళీ మాయమైంది. ఆ రోజు నుంచి మార్పుల్ని విడుదల చేసే పాస్‌వర్డు డైరెక్టరుగారి దగ్గరే ఉంటుందని మెమో వచ్చింది.

తర్వాత ఆ చీటీని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. 'చెయ్యాలి'లో పెడదామంటే పని ఒకసారి జరిగిపోయింది. 'అయిపోయింది'లో పెడదామంటే వెనక్కి తీసుకున్నాం. కమిటీ ఒక పూటంతా చర్చించి 'అనుమతి లేకుండా అయిపోయినవి' అని కొత్త గడి పెట్టింది. కొత్త ఫ్లెక్సీ వచ్చింది. దాన్లో మొదటి చీటీ ముత్తిలింగానిది. దాన్లో ఉన్న ఒకే ఒక్క చీటీ కూడా అదే. ఆ గడిలోంచి ఎటు కదలాలో మాత్రం బోర్డు మీద బాణం గుర్తు లేదు. అది గమనించి, బాణం గుర్తు రూపకల్పనకు ఒక చీటీ రాశారు.

ముత్తిలింగం ఊరికి వెళ్ళలేదు. ఉప్పల్‌లో చెల్లెలి ఇంట్లో దిగి, రోజూ పొద్దున్నే మా దగ్గరికి వచ్చేవాడు. బోర్డు ముందు నిలబడి తన చీటీ చూసుకునేవాడు.

"కదల్లే బిడ్డా?"

"లేదు పెద్దాయనా."

"దాని కంటే ముందు ఏమున్నయి?"

"గడియారం కుడివైపు పెట్టాలా ఎడమవైపు పెట్టాలా అన్నది."

ఆయన గడియారం వైపు కాసేపు చూశాడు. "ఎటు వెట్టినా గంతే గద తిరుగుడు?"

పొద్దున పూట మేమంతా బోర్డు ముందు నిలబడి, నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఏం అడ్డొస్తోంది అని ఒక్కొక్కరం చెప్పాలి. కూర్చుంటే మాటలు పెరుగుతాయని నిలబెట్టి చెప్పించే పద్ధతి అది. ఒక రోజు ముత్తిలింగం కూడా వరసలో ఉండిపోయాడు. సాత్విక్ పొరపాటున ఆయన్ని కూడా అడిగాడు.

"నిన్న గీన్నే ఉన్న," అన్నాడు ముత్తిలింగం. "ఇయ్యాల గీన్నే ఉంట. అడ్డం అంటే గీ బోర్డే సారూ."

సాత్విక్ చాలా సంతోషించాడు. వినియోగదారు పూర్తిగా మమేకమయ్యాడని రాసుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఆయనకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. భార్య రాజవ్వ. ఆయన మాట్లాడుతూనే కిటికీ దగ్గరికి వెళ్ళి ఆకాశం చూశాడు. హైదరాబాదులో ఎండ కాస్తోంది.

"మొగులైందంట బిడ్డా," అన్నాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ. "పడమర దిక్కు నల్లగైందంట. టీవీల గూడ చెప్తున్రంట, ఇయ్యాల రేపట్ల వాన అని. కుప్పల మీద కప్పెటందుకు పరదాలు కిరాయికి గూడ దొరుకుతలెవ్వు."

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదని చెప్పను? నా టేబుల్ మీద ఆ ఒక్క వరస సిద్ధంగా ఉంది, పాస్‌వర్డు పక్క గదిలో ఉంది. డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళి వాన వస్తోందని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "బాణం గుర్తు పూర్తి కానివ్వండి. తర్వాత మొట్టమొదట కదిలేది ఆ చీటీయే. నాది హామీ," అన్నారు. బాణం వంకరగా ఉండాలా తిన్నగా ఉండాలా అన్నది ఇంకా తేలలేదు.

బయటికి వచ్చేసరికి ముత్తిలింగం మెట్ల దగ్గర ఉన్నాడు. చుట్టి పెట్టిన ఫ్లెక్సీ ఒకటి కొస పట్టుకుని వేళ్ళతో నలిపి చూస్తున్నాడు.

"ఏంది బిడ్డా గివి?"

"పాత బోర్డులు."

"నీళ్ళు దిగుతయా?"

"దిగవు."

"మందంగనే ఉన్నయి." ఇంకోటి కొంచెం విప్పి వెలుతురుకు పట్టి చూశాడు. "పనికిరాకనే గద గీడ వెట్టిన్రు. గివి ఇప్పియ్యరాదు? కుప్పల మీద కప్పుకుంటం. వాన వొయినంక ఒక్కటి పోకుండ నేనే తెచ్చిస్త."

మళ్ళీ లోపలికి వెళ్ళి అడిగాను. ప్రభుత్వ ఆస్తి అన్నారు. ఇవ్వడం కుదరదన్నారు.

నా కుర్చీలో కూర్చుని చాలాసేపు బోర్డు వైపే చూశాను. సాత్విక్ నన్ను గమనించి ట్యాబ్‌లో రాసుకున్నాడు. ఇన్నాళ్ళలో ఆ బోర్డు మీద ఏ చీటీలు కదిలాయి? అక్షరాల సైజు కదిలింది. దీపాలు కదిలాయి. గడియారం కుడికి వెళ్ళి ఎడమకు వచ్చి మళ్ళీ కుడికి వెళ్ళింది. బోర్డు గురించి రాసిన చీటీ ఏదీ ఆగలేదు. వడ్ల గురించి రాసినది ఏదీ కదలలేదు. సభ్య కార్యదర్శిని, ఈ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది.

కొత్త చీటీ తీసుకుని నా మంచి దస్తూరితో రాశాను. 'పాత బోర్డుల వినియోగ సౌలభ్యాన్ని గ్రామీణ వాతావరణంలో పరీక్షించుట.'

డైరెక్టరుగారు అది రెండుసార్లు చదివారు. రెండోసారి పైకి చదివారు. "గ్రామీణ వాతావరణంలో," అని ఆగి, కళ్ళద్దాలు తీశారు. "హైమవతిగారూ, మీకు బోర్డు మీద గౌరవం లేదని ఇన్నాళ్ళూ అపోహపడ్డాను."

సాత్విక్ మొహం వెలిగిపోయింది. "ఇలాంటి పరీక్ష నేనెక్కడా వినలేదు మేడమ్. కానీ ఒక్క షరతు. ఎలా వాడాలో మనం రైతులకు చెప్పకూడదు. వాళ్ళకు తోచినట్టు వాళ్ళు వాడుకోవాలి. అప్పుడే అసలైన ఫలితం తెలుస్తుంది."

"ఒక్క ముక్క కూడా చెప్పను," అని మాటిచ్చాను.

ఆ చీటీ 'చెయ్యాలి' గడిలోంచి బయలుదేరి, అన్ని గళ్ళూ దాటి, చేతిలో ఉన్నవాటిలో కూడా ఆగి, టీ వేళకు 'అయిపోయింది'లోకి చేరింది. మా కేంద్రం చరిత్రలో అంత వేగంగా కదిలిన పని ఇంకొకటి లేదు. ఫిరోజ్, నేను, డ్రైవరు, ముత్తిలింగం కలిసి ఫ్లెక్సీలన్నీ కిందికి మోసి డీసీఎం వ్యానులో వేశాం. చాలాకాలానికి మెట్లు కనిపించాయి. ముత్తిలింగం డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుని, వడ్ల సంగతి ఇంకేమీ అడగకుండా, "పోనీ బిడ్డా, జెర జల్ది పోనీ," అన్నాడు డ్రైవరుతో.

ఆ రాత్రి ఎర్రగుంటపల్లిలో వాన దంచి కొట్టింది.

పొద్దున ముత్తిలింగం నా ఫోన్‌కు ఫొటోలు పంపాడు. కల్లం నిండా నీళ్ళు. నీళ్ళ మధ్య వరసగా కుప్పలు, వాటి మీద మా బోర్డులు, అంచుల మీద ఇటుకలు. ఒక కుప్ప మీద 'చేస్తున్నాం' అని పెద్దక్షరాలు. ముత్తిలింగం కుప్ప మీద 'చేతిలో ఉన్నవి'. అక్షరాల సైజు పెంచడం మంచిదే అయింది, ఫొటోలో కూడా చదవడానికి వీలుగా ఉంది.

చివరి కుప్ప మీద మాత్రం బోర్డు లేదు. ఒక పాత చీర, యూరియా సంచులు కుట్టిన పట్టా ఉన్నాయి, అవి కూడా సగానికే. పక్కన ఒక ముసలామె గొంతుక్కూర్చుని ఉంది.

"సాయవ్వ," అన్నాడు ముత్తిలింగం ఫోన్‌లో. "అందరివి కప్పుకుంట వచ్చినం. ఆమె కాడికి వచ్చేటాళ్ళకు బోర్డులు ఒడిసినయి. మొగడు లేడు, కౌలుకు జేసింది. వడ్లన్ని నానినయి."

అంతే చెప్పి ఫోన్ పెట్టేశాడు.

సోమవారం పరీక్ష ఫలితాలు సేకరించాలని డైరెక్టరుగారు తొందరపెట్టారు. సాత్విక్ ఒక అభిప్రాయ పత్రం తయారుచేశాడు. రైతు తన ఊరి పేరు ఎంచుకుంటేనే అది తెరుచుకుంటుంది. ఊరి పేర్లు మా సాఫ్ట్‌వేర్లోంచే వస్తాయి. ఎర్రగుంటపల్లి దాంట్లో లేదు.

"ఇదేమిటి?" అన్నారు డైరెక్టరుగారు. "వినియోగదారుల ఊరే లేకపోతే బోర్డు మీద అభిప్రాయం ఎలా చెబుతారు?"

"ఒక్క వరస కలపాలి సార్," అన్నాను.

"మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు? బోర్డు సర్వే ఆగిపోతే ఎలా?" అని ఆయన స్వయంగా వచ్చి, నా కంప్యూటరు ముందు వంగి, పాస్‌వర్డు కొట్టారు. ఊరు సాఫ్ట్‌వేర్లోకి వచ్చింది. మధ్యాహ్నానికి ఎర్రగుంటపల్లి వాళ్ళందరికీ టోకెన్లు వెళ్ళాయి, రెండు రోజుల్లో కాంటాలు అయ్యాయి. సాయవ్వ వడ్లు మొలకెత్తాయని కాంటా పెట్టలేదు.

అభిప్రాయ పత్రాలు వచ్చాయి. బోర్డు ఉపయోగపడిందా అన్న ప్రశ్నకు ఊరంతా అవునని రాసింది. డైరెక్టరుగారి సర్వీసులో ఏ పథకానికీ అలాంటి ఫలితం రాలేదట. మెరుగుపరచడానికి సూచనలు ఏమైనా ఉన్నాయా అన్న చోట ముత్తిలింగం ఎవరిచేతో రాయించి పంపినదాన్ని ఆయన కమిటీ సమావేశంలో నిలబడి చదివారు.

"బోర్డులు మంచిగ పనికొచ్చినయి. ఒక్కటే తక్కువ వడ్డది. మీరు ఇంకొక్కసారి మార్చి ఉంటే సాయవ్వ వడ్లు గూడ దక్కుతుండె. ఇక ముందు జెర ఎక్కువసార్లు మార్చుండ్రి."

చదవడం అయ్యాక ఆయన కాగితం టేబుల్ మీద పెట్టి అందరి మొహాలూ చూశారు.

"విన్నారా? మారుమూల గ్రామంలో వినియోగదారుడు కూడా నిరంతర మార్పును కోరుతున్నాడు. ఇకపై బోర్డును వారానికొకసారి పునఃరూపకల్పన చెయ్యాలని ప్రతిపాదిస్తున్నాను."

ఇదివరకైతే ఏదో ఒక అభ్యంతరం రాసేదాన్ని. ఈసారి ఆయన మాట పూర్తికాకముందే సంతకం పెట్టాను. పెట్టి, బోర్డు పొడవు కూడా పెంచితే బాగుంటుందని ఒక సూచన చేశాను.

"ఎంత పెంచుదాం మేడమ్?" అన్నాడు సాత్విక్, ట్యాబ్ తెరుస్తూ.

ఒక్క నిమిషం ఆగమని చెప్పి, సాయవ్వ కుప్ప ఎంత పొడవుంటుందో కనుక్కుందామని ముత్తిలింగానికి ఫోన్ చేశాను.